బండి ఆగని చోటు

అండమాన్‌లోని రాస్ దీవిని బ్యాటరీ బండిలో చుట్టి రావడం చాలా తేలిక. ఆ కాసేపట్లో ఎవరి కథ వినిపిస్తోంది, ఎవరి కథ మరుగున పడుతోంది అన్నదే ఆలోచించాల్సిన సంగతి.

అమెరికాలో డీన్ కామెన్ అనే ఆవిష్కర్త 2001 డిసెంబరులో సెగ్వే అనే రెండు చక్రాల వింత వాహనాన్ని ప్రపంచానికి చూపించినప్పుడు నగరాల రూపురేఖలే మారిపోతాయని చాలామంది నమ్మారు. అదేమీ జరగలేదు. చివరికి అది ఎక్కువగా పనికొచ్చింది పర్యాటకులకే. శిరస్త్రాణాలు పెట్టుకుని, గైడు వెనక బారులు తీరి పెద్ద పెద్ద పార్కులను చుట్టి రావడానికి. 2020లో దాని తయారీ ఆగిపోయింది. అయితే అది అలవాటు చేసిన పద్ధతి మాత్రం ఆగలేదు. కాలు నొప్పి పుట్టకుండా, చెమట పట్టకుండా, ఒకరు చెబుతుంటే వింటూ ఒక చోటును 'చూసేయడం' ఇప్పుడు ప్రపంచమంతటా పర్యాటకానికి మూలసూత్రం.

మన దేశంలో ఆ సూత్రం చక్కగా అతికిన చోట్లలో అండమాన్‌లోని రాస్ దీవి ఒకటి. 2018 డిసెంబరు 30 నుంచి దాని అధికారిక నామం నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. పోర్ట్‌బ్లెయిర్ తీరం నుంచి చూస్తే ఎదురుగా చేయి చాచితే అందేంత దగ్గరగా కనిపిస్తుంది. ఆ పోర్ట్‌బ్లెయిర్‌కు కూడా 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అబర్డీన్ జెట్టీలో బోటు ఎక్కితే పావుగంటలోపే దీవికి చేరుకోవచ్చు. దీవి మొత్తం విస్తీర్ణం చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా ఉండదు. హైదరాబాద్ వాసులకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇంచుమించు ఇందిరా పార్కు అంత. ఒక పార్కును నాలుగు వైపులా సముద్రం చుట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

నిజంగానే అది పార్కులా ఉంటుంది. కొబ్బరి చెట్ల నీడ, చదునుగా వేసిన దారులు, మనుషుల చేతిలోది తినడానికి బెదురు లేకుండా వచ్చే చుక్కల దుప్పులు, అక్కడక్కడా నెమళ్లు, కుందేళ్లు. ఎత్తు ఎక్కలేని పెద్దవాళ్ల కోసం, పిల్లలతో వచ్చినవాళ్ల కోసం బ్యాటరీ బండ్లున్నాయి. బండి నడిపే మనిషే చాలాసార్లు గైడు కూడా. ఇదిగో చర్చి, అదిగో చీఫ్ కమిషనర్ బంగళా, ఇక్కడ బేకరీ, అక్కడ ఈతకొలను, ఇది నాట్యశాల ఉన్న క్లబ్బు, అది సముద్రపు నీటిని మంచినీరుగా మార్చిన యంత్రశాల, ఆ పక్కన అచ్చాఫీసు. ప్రతిచోటా బండి ఒక నిమిషం ఆగుతుంది. ఫోటోలు తీసుకుంటారు. బండి కదులుతుంది.

ఈ ఫోటోల్లో అన్నిటికన్నా అందంగా వచ్చేవి చెట్లు. పైకప్పులు ఎప్పుడో కూలిపోయాయి. మర్రి జాతి చెట్ల వేళ్లు మాత్రం గోడలను పట్టుకుని, కిటికీల్లోంచి దూరి, గుమ్మాలను చుట్టుకుని కిందికి దిగాయి. చాలాచోట్ల గోడ వేరును మోస్తోందో, వేరు గోడను నిలబెడుతోందో చెప్పడం కష్టం. ఈ చర్చినీ ఈ నాట్యశాలనీ చూసి మురిసిన తెల్లదొరలు ఒకప్పుడు రాస్ దీవిని 'తూర్పు దేశపు పారిస్' అని పిలుచుకున్నారు. ఆ మాట ఇప్పటికీ ప్రతి గైడు నోటా వినిపిస్తుంది.

పారిస్‌ను కట్టిందెవరన్న ప్రశ్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

1857 తిరుగుబాటును అణచివేశాక పట్టుబడినవారిని ఏం చేయాలో బ్రిటిష్ ప్రభుత్వానికి అర్థం కాలేదు. దేశంలోని జైళ్లలో ఉంచితే ప్రమాదం. అందరినీ ఉరి తీయడం కుదరదు. దానికి దొరికిన జవాబు ద్వీపాంతరం. 1858 మార్చి 10న ఆగ్రా జైలు మాజీ సూపరింటెండెంట్ జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో 'సెమిరామిస్' అనే ఓడలో పోర్ట్‌బ్లెయిర్ చేరారు. అప్పటికి రాస్ దీవి దట్టమైన అడవి. అది నరికి, వేళ్లు పెకలించి, రాళ్లు మోసి, ఆ తర్వాత 80 ఏళ్లకు పైగా అండమాన్ పాలనకు కేంద్రంగా నిలిచిన పట్టణానికి పునాది వేసింది ఆ ఖైదీలే. మొదటి నెలల్లోనే వందలమంది పారిపోయారు. చుట్టూ ఉన్నది సముద్రమనీ, సముద్రానికి అవతల తమ ఊరు లేదనీ చాలామందికి తెలియదు. అడవి దాటితే బర్మా వస్తుందని నమ్మినవాళ్లున్నారు. దొరికిపోయిన వారిలో 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఒకే రోజు ఉరి తీయించారు. పై అధికారులు సైతం ఆ దూకుడును తప్పుపట్టాల్సి వచ్చింది.

దీవిలో వీళ్ల ఆనవాళ్లు వెతకడం వృథా. బేకరీకి గోడలున్నాయి, చర్చికి గోడలున్నాయి. కాబట్టి బండి ఆగడానికి ఒక చోటుంది. గోడలు కట్టినవాళ్లు తమకంటూ రాతి గోడలు కట్టుకోలేదు. వాళ్లు ఉన్న చోట శిథిలాలైనా మిగల్లేదు. గైడ్లను తప్పుపట్టడానికి లేదు. ఏదో ఒకటి చూపించి కదా చెప్పాలి. శిథిలాలను చూపించే ఏ పర్యటనకైనా ఉండే ఇబ్బందే ఇది. పాలకులు రాళ్లతో కట్టుకుంటారు కనుక వాళ్ల జ్ఞాపకాలే ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఈ ఖైదీల వరుసలో తెలుగువాళ్లూ ఉన్నారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినందుకు పట్టుబడిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగి వచ్చారు. 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి కూడా సెల్యులర్ జైలు చూసినవారే. 1906లో పూర్తయిన ఆ జైలు, రాస్ దీవిలోని క్లబ్బు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఉన్నది కొద్దిపాటి నీళ్లు మాత్రమే. నాట్యశాలలో దీపాలు వెలిగిన రాత్రుల్లో అవతలి ఒడ్డున ఒంటరి కొట్లలో ఉన్నది ఎవరో గుర్తు పెట్టుకుంటే తప్ప 'తూర్పు దేశపు పారిస్' అన్న మాటకు అర్థం పూర్తి కాదు.

తెలుగువారికీ ఈ దీవులకూ ఉన్న బంధం శిక్షతో ముగిసిపోలేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ, కూలి పనికీ, తర్వాత ఉద్యోగాలకూ వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి ఇప్పటికీ ఓడ నడుస్తుంది. జంగ్లీఘాట్ చేపల రేవులోనో, జెట్టీ దగ్గరి టీ దుకాణంలోనో శ్రీకాకుళం యాస చెవిన పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఖైదీలకన్నా ముందునుంచీ ఇక్కడ ఉన్నవాళ్ల సంగతి ఇంకా విషాదం.

రాస్ దీవికి వెళ్లే బోట్లు బయల్దేరేది నగరంలోని వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్సు దగ్గరి నుంచి. టికెట్ల కోసం అక్కడ నిలబడేవారు తలతిప్పి చూస్తే ఒక స్మారకం కనిపిస్తుంది. అది 1859 మే నెలలో జరిగిన అబర్డీన్ యుద్ధంలో చనిపోయిన అండమానీయులది. తమ అడవులను నరుకుతూ ముందుకు వస్తున్న కొత్తవాళ్లను తరిమేయాలని గ్రేట్ అండమానీ తెగలవారు విల్లంబులతో దండెత్తారు. కానీ ఆ సంగతి ముందే బ్రిటిష్ వారికి తెలిసిపోయింది. చెప్పినవాడు దూధ్‌నాథ్ తివారీ. 1857 తిరుగుబాటులో పాల్గొన్న సిపాయి. ఏడాది కిందట జైలు నుంచి పారిపోయి అడవిలో చావుబతుకుల మధ్య ఉంటే అండమానీయులే కాపాడారు. తమలో కలుపుకున్నారు. పెళ్లి చేశారు. దాడి చేయబోతున్నారని తెలిసి అతను రహస్యంగా వాకర్ దగ్గరికి వెళ్లి చెప్పేశాడు. బాణాలు తుపాకుల ముందు నిలవలేదు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. తనను బంధించిన దొరలకోసం, తనను బతికించినవాళ్లను పట్టిచ్చిన ఖైదీ కథను ఒక్క మాటలో తీర్పు చెప్పి వదిలేయలేం. పారిపోయి పట్టుబడితే ఉరే అని అతనికి తెలుసు.

ఆ తర్వాత కథ జరిగింది సరిగ్గా రాస్ దీవిలోనే. 1863లో హెన్రీ కార్బిన్ అనే మతాధికారి అక్కడ 'అండమాన్ హోమ్' తెరిచారు. అండమానీయులను నాగరికులను చేస్తామన్నది దాని లక్ష్యం. అయితే లోపలికి వెళ్లినవాళ్లు ఇష్టం వచ్చినప్పుడు బయటికి రాలేకపోయారు. కాపలా ఉండేది, పని చేయించేవారు. బయటి మనుషులతో పెరిగిన సంపర్కం వల్ల అంతకుముందు వాళ్లు ఎరగని జబ్బులు అంటుకున్నాయి. సుఖవ్యాధులు వ్యాపించాయి. 1877లో తట్టు వచ్చి తెగలకు తెగలనే తుడిచిపెట్టింది. అండమాన్ హోమ్‌లో పుట్టిన 150 మంది పిల్లల్లో రెండేళ్లు దాటి బతికినవాళ్లు ఒక్కరూ లేరన్నది చరిత్రకారులు తరచూ చెప్పే లెక్క. 1858 నాటికి కొన్ని వేలుగా ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961 నాటికి 19 మంది. ఇప్పుడు 50కి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. స్ట్రెయిట్ ఐలాండ్ అనే చిన్న దీవిలో ప్రభుత్వం వాళ్లకు ఇళ్లు కట్టించింది. వాళ్ల భాషల్లో ఒకటైన బో భాష మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. మానవుల అతి ప్రాచీన వలసలకు గుర్తుగా మిగిలిన మాటలు ఆమెతోపాటు వెళ్లిపోయాయి.

బ్యాటరీ బండి మీద తిరిగే కుటుంబాలకు ఈ సంగతులన్నీ చెప్పి సెలవు రోజును పాడు చేయాలా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. హనీమూన్‌కు వచ్చిన జంటకూ, ఎల్‌టీసీ మీద వచ్చిన ఉద్యోగికీ చరిత్ర పాఠం వినడమే పని కాదు. ప్రపంచంలో ఏ పార్కులోనైనా గైడు మంచి కబుర్లే చెబుతాడు. కానీ రాస్ దీవికి జనం వచ్చేది ఒక్క దుప్పుల కోసమే కాదు. కాలాపానీ అన్న మాట విని వస్తారు. సెల్యులర్ జైలులో తలవంచి నిలబడతారు. మర్నాడు అదే ప్రయాణంలో భాగంగా రాస్ దీవికి వచ్చి, ఆ జైలును నడిపినవాళ్ల నాట్యశాల ముందు నవ్వుతూ ఫోటో తీసుకుంటారు. రెండూ ఒకే కథలోని రెండు భాగాలని చెప్పేవాళ్లు ఉంటే ఫోటో తీసుకున్నా నష్టం లేదు.

దుప్పుల సంగతే చూడండి. పిల్లలకు అవి అమాయకంగా కనిపిస్తాయి, అమాయకమైనవే కూడా. కానీ అవి ఈ నేలకు చెందినవి కావు. వేట సరదా కోసం బ్రిటిష్ అధికారులు ప్రధాన భూభాగం నుంచి తెచ్చి వదిలారు. అండమాన్ దీవుల్లో పులి లేదు, చిరుత లేదు. తినే జంతువు లేకపోవడంతో దుప్పులు పెరిగి ఇతర దీవులకూ ఈదుకుంటూ పాకాయి. లేత మొలకలను తినేసి అడవి తిరిగి ఎదగకుండా అడ్డుపడుతున్నాయని జీవశాస్త్రవేత్తలు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. పర్యాటకులు అరటిపండు తినిపించే జింక కూడా ఆ పాలన మిగిల్చి వెళ్లిన వాటిలో ఒకటే.

దీవి పతనానికి పాలకులు మాత్రమే కారణం కాదు. 1941 జూన్ 26న వచ్చిన భారీ భూకంపం రాస్‌ను కుదిపేసింది. అధికారులు సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు. 1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. ఇప్పటికీ బండి ఆగే చోట్లలో వాళ్లు కట్టిన బంకర్లున్నాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో మువ్వన్నెల జెండా ఎగరేశారు. దీవికి ఆయన పేరు పెట్టడానికి ఆ ఘట్టం 75వ వార్షికోత్సవమే సందర్భం. అయితే ఆయన వచ్చి వెళ్లిన రోజుల్లోనే సెల్యులర్ జైలులో డాక్టర్ దివాన్ సింగ్ జపాన్ సైనికుల చిత్రహింసలు అనుభవిస్తున్నారు. 1944 జనవరి 14న మరణించారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్యం కోసం పెట్టిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. అక్కడి వయసు మళ్లినవారి ఇళ్లలో ఈ రెండు జ్ఞాపకాలూ పక్కపక్కనే ఉంటాయి. జెండా గర్వం, హంఫ్రీగంజ్ దుఃఖం. ఒకటి చెప్పి రెండోది దాచనక్కర్లేదు.

1979లో దీవి నౌకాదళం చేతికి వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు రాస్ అడ్డుగా ఉండబట్టే పోర్ట్‌బ్లెయిర్‌కు పెద్ద దెబ్బ తప్పిందని ఊరివాళ్లు ఇప్పటికీ అంటారు. 2023 జనవరి 23న ప్రధాని నరేంద్ర మోదీ ఈ దీవిలో నిర్మించబోయే నేతాజీ జాతీయ స్మారకం నమూనాను ఆవిష్కరించారు. అదే రోజు పేరులేని 21 పెద్ద దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరు పేరు కన్నా నేతాజీ పేరు ఈ దేశ ప్రజలకు ఎన్నో రెట్లు దగ్గరిదన్నదానిలో సందేహం లేదు. అయితే రాస్ రాకముందు కూడా ఆ దీవికి వచ్చిపోయే మనుషులున్నారు. వాళ్లు దాన్ని ఏదో ఒక మాటతో పిలిచే ఉంటారు. పేర్ల చర్చలో ఆ మాట ఎప్పుడూ వినబడదు.

ఇదంతా గడిచిపోయిన కథ అనుకోవడానికీ లేదు. దక్షిణ అండమాన్ నుంచి ఉత్తరానికి వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవా తెగ అభయారణ్యంలోంచి పోతుంది. అక్కడా పర్యాటకులు చక్రాల మీదే వెళతారు. నిర్ణీత వేళల్లో, పోలీసు కాపలాతో, వాహనాల బారులుగా. సున్నపురాతి గుహలు చూడటానికని టికెట్ కొన్నవాళ్లలో చాలామంది కళ్లు దారి పక్కన జారవాల కోసమే వెతికేవి. 2002లోనే సుప్రీంకోర్టు అభయారణ్యంలో ఆ రోడ్డు మూయాలని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో జారవా స్త్రీలను తిండి కోసం నాట్యం చేయిస్తున్న వీడియో బయటపడినప్పుడు దేశం సిగ్గుపడింది. 2017లో బారాటాంగ్‌కు సముద్ర మార్గం మొదలుపెట్టారు. రాస్ దీవిలో 1863లో మొదలైనదీ, ట్రంక్ రోడ్డు మీద 2012లో కెమెరాకు చిక్కినదీ పూర్తిగా ఒకటే కాదు. కానీ రెండుచోట్లా ఒక పక్షం చూస్తుంది, ఇంకో పక్షాన్ని చూపిస్తారు. చూడబడేవాళ్లను అడిగినవాళ్లు లేరు.

రాస్ దీవిలో జరగాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. బండ్లు ఆపేయనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడకు ఆ ఎత్తు ఎక్కే అవకాశం ఇచ్చింది అవే. కట్టబోయే స్మారకంలోనే ఒక గది ఖైదీలకు కేటాయించవచ్చు. పాత దస్తావేజుల్లో వాళ్ల పేర్లు, నంబర్లు, ఊళ్లు, శిక్షలు నమోదై ఉన్నాయి. సెల్యులర్ జైలు పలకల మీద పేర్లు చెక్కగలిగినప్పుడు, అంతకు దశాబ్దాల ముందు రాస్ అడవి నరికినవారి పేర్లను దీవి మీద రాయడం అసాధ్యం కాదు. అండమాన్ హోమ్ కోసం ఒక చెట్టు కింద చిన్న రాయి పాతినా చాలు. దాని మీద ఏం రాయాలో స్ట్రెయిట్ ఐలాండ్‌లో ఉన్న ఆ 50 మందిని అడగాలి. గైడ్లకు ఇచ్చే శిక్షణలో ఈ రెండు చోట్లనూ చేర్చాలి. అప్పుడు బండికి ఆగడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది.

సాయంత్రం ఆఖరి బోటు తిరిగి అబర్డీన్ జెట్టీకి చేరుతుంది. తడిసిన చెప్పులు విదిలించుకుంటూ, ఫోన్లలో ఫోటోలు చూసుకుంటూ జనం ఆటోల వైపు నడుస్తారు. వాళ్ల దారి ఆ స్మారకం పక్కనుంచే పోతుంది. దాని దగ్గర ఆగడానికి బండి అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు.